మంచానపడిన పెద్దల నోరు శుభ్రం చేసేవారికి జాగ్రత్తలు

ఇటీవల ఒక వృద్ధాశ్రమంలో, పక్షవాతంతో మంచానికే పరిమితమైన ఒక పెద్దాయనను వెల్లకిలా పడుకోబెట్టే నోరు కడిగారు. పుక్కిలించమని గ్లాసుతో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి, ఆయనను న్యుమోనియాతో ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. రోజుకు రెండుసార్లు పళ్లు తోమాలని ఆయాలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పవలసింది ఇది: పడుకున్న మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

పక్షవాతం, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), మతిమరుపు జబ్బు ఉన్నవారికి మింగే శక్తి తగ్గడం వల్ల, నీళ్లతోనూ లాలాజలంతోనూ నోటిలోని క్రిములు ఊపిరితిత్తుల్లోకి జారుతాయి. కొందరికి పొలమారినా దగ్గు రాదు. కాబట్టి దగ్గలేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. అలాగని భయపడి నోరు ముట్టుకోకుండా వదిలేయడం కూడా తప్పే. జపాన్‌లోని 11 వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో రెండేళ్లపాటు జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, క్రమం తప్పకుండా నోరు శుభ్రం చేయించుకున్న పెద్దల్లో 11 శాతం మందికి న్యుమోనియా రాగా, అలా చేయించుకోనివారిలో 19 శాతం మందికి వచ్చింది.

ముందుగా మంచం తలవైపు ఎత్తి, వీపు వెనుక దిండ్లు పెట్టి, గడ్డం కాస్త కిందికి వంగేలా కూర్చోబెట్టాలి. కూర్చోలేనివారిని ఒక పక్కకు తిప్పి, దవడ కింద తువ్వాలు పరచాలి. పక్షవాతం సోకిన వైపు బుగ్గలో అన్నం మెతుకులు గంటల తరబడి నిలిచిపోయినా వారికి తెలియదు. తడిపి గట్టిగా పిండిన గాజుగుడ్డతో మొదట వాటిని తీసి, ఆ తర్వాతే మెత్తటి బ్రష్షుతో, శనగగింజంత పేస్టుతో తోమి, నురగను గుడ్డతో తుడిచేయాలి. నీళ్లు పోయకూడదు.

ముక్కు గొట్టంతో ఆహారం తీసుకునేవారి నోరు కూడా రోజూ శుభ్రం చేయాలి, ఎందుకంటే నమలని నోట్లో పాచి మరింత గట్టిగా పేరుకుంటుంది. పళ్లపొడి వాడవద్దు, అది శ్వాసతోపాటు లోపలికి పోతుంది. పళ్ల మధ్య వేలు పెట్టవద్దు. నోరు తెరవకపోతే బలవంతం చేయకుండా కొంతసేపాగి మళ్లీ ప్రయత్నించండి. కట్టుడు పళ్లు రాత్రి తీసి, చల్లటి నీళ్లలో ఉంచండి. వేడినీళ్లకు అవి వంకర పోతాయి. ఒకరి పళ్ల డబ్బా మరొకరికి మారకుండా పేరు రాయండి. తిన్న తర్వాత అరగంట పడుకోబెట్టవద్దు. ఎంత తొందరలో ఉన్నా, పడుకున్న మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు. రెండు వారాలైనా మానని పుండుగానీ, తెల్లటి, ఎర్రటి మచ్చగానీ కనిపిస్తే దంతవైద్యునికి చూపించండి. జ్వరం, గొంతులో గురగుర, ఆయాసం, ఉన్నట్టుండి మగత, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా డాక్టరును పిలవండి.