ఊరికి 5జీ రాకముందు ఏ ప్యాకు, ఎన్ని రోజులకు వేయించుకోవాలి

కడపలోనో ప్రొద్దుటూరులోనో ఉన్నప్పుడు ఫోనులో 5జీ గుర్తు కనిపిస్తుంది. బస్సెక్కి సొంతూరు చేరేసరికి అది పోయి 4జీ మిగులుతుంది. టవర్ మీద కొత్త పెట్టెలు బిగిస్తున్నారు, నేడో రేపో వచ్చేస్తుంది అన్న మాట మాత్రం ఊరంతా వినిపిస్తుంటుంది. ఆ మాట నమ్మి చాలామంది ఏడాది ప్యాకు వేయించుకుంటున్నారు. మా సలహా సూటిగా చెప్తాం: మీ ఇంట్లో 5జీ అందేదాకా ఏ కంపెనీకీ ఏడాది డబ్బు ముందుగా కట్టొద్దు. 84 రోజుల ప్యాకు చాలు. ఫోను మాత్రం ఇప్పుడు కొనేపనైతే 5జీదే కొనండి, అదీ బ్యాండ్లు, అంటే ఫోను ఏ తరంగాలను పట్టగలదో, చూసుకుని.

ఏడాది ప్యాకు చవక అంటారు. ఎంత చవకో లెక్క వేసి చూడండి. ప్యాకు ధరను వ్యాలిడిటీ రోజులతో భాగిస్తే రోజు ఖర్చు వస్తుంది. ధరలు మారుతుంటాయి కాబట్టి లెక్క కోసం ఉజ్జాయింపు అంకెలు తీసుకుందాం. 28 రోజులకు 300 రూపాయలైతే రోజుకు 10.71. 84 రోజులకు 860 అయితే రోజుకు 10.24. ఏడాదికి 3,600 అయితే 9.86. నెల ప్యాకుతో పోలిస్తే ఏడాదికి 311 రూపాయలు మిగిలినట్టు. 84 రోజుల ప్యాకుతో పోలిస్తే మిగిలేది 137 మాత్రమే. ఈ 137 కోసం 3,600 ముందే చేతిలోంచి పోతుంది. నాలుగో నెలలో పక్క కంపెనీ 5జీ మీ వీధికి వచ్చి, మీరు అందులోకి మారాలనుకుంటే మిగిలిన ఎనిమిది నెలల వ్యాలిడిటీ పోయినట్టే. పోర్టింగ్‌లో నంబరు మీ వెంట వస్తుంది, పాత ప్యాకు రాదు, మెయిన్ బ్యాలెన్సూ రాదు. ఇంకో మాట, 28 రోజుల ప్యాకును నెల ప్యాకు అనుకోవద్దు. ఏడాదికి 12 కాదు, 13 సార్లు వేయించాలి. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్యాకూ, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్యాకూ ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఉంది. షాపులో అడిగితే గానీ వాటి సంగతి చెప్పరు.

ఇప్పుడు అసలు పని: మీ ఇంట్లో సిగ్నల్ కొలవడం. ఫోను పైన కనిపించే గీతల్ని లెక్కలోకి తీసుకోవద్దు, ఒక్కో ఫోను ఒక్కో తీరుగా గీతలు వేస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, స్టేటస్, సిమ్ స్టేటస్ దాకా పోతే సిగ్నల్ స్ట్రెంత్ అని డీబీఎం అంకె ఉంటుంది. 4జీలో మైనస్ 80 నుంచి 95 మధ్య ఉంటే బాగున్నట్టు. మైనస్ 105 దాటితే వీడియో ఆగి ఆగి వస్తుంది. మైనస్ 115 దాటితే మాట కూడా తెగుతుంది. వాకిట్లో ఒకసారి, పడసాలలో ఒకసారి, లోపలి గదిలో ఒకసారి, చేను దగ్గర ఒకసారి రాసిపెట్టుకోండి. పగలొకసారి, రాత్రి 8 నుంచి 10 మధ్య ఒకసారి స్పీడు చూడండి. ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్ ఇందుకు సరిపోతుంది. రాత్రిపూట సిగ్నల్ అంకె మారకుండా స్పీడు మాత్రం పడిపోతే ఆ టవర్ మీద జనం ఎక్కువయ్యారని అర్థం. అక్కడ 5జీ వస్తే నిజంగానే మేలు. పగలూ రాత్రీ అంకే బాగాలేదంటే టవర్ దూరం, 5జీ వచ్చినా మీకు పెద్దగా ఒరిగేది లేదు.

మన కడప జిల్లాలో దీనికి తోడు ఇంకో కష్టం ఉంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల ఇండ్లు చాలావరకు రాతి గోడలవి, పైన నాపబండలు పరిచిన మిద్దెలు. 5జీకి ముఖ్యంగా వాడే తరంగం 3300 మెగాహెర్ట్జ్. దాంట్లో స్పీడు ఎక్కువ, కానీ మందపాటి గోడ, బండ దాటి లోపలికి రావడం కష్టం. 700, 850 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడ దాటి వస్తాయి, దూరమూ పోతాయి, కానీ వాటిలో చోటు తక్కువ. 2022లో ప్రభుత్వం వేసిన తరంగాల వేలంలో ప్రైవేటు కంపెనీల్లో 700ను తీసుకున్నది జియో ఒక్కటే, అదీ 10 మెగాహెర్ట్జ్. 3300లో అయితే 100 మెగాహెర్ట్జ్ దాకా చేతిలో ఉంటుంది. అందుకే వాకిట్లో 5జీ పరుగులు తీసిన ఫోనే బండల మిద్దె కింద మళ్ళీ 4జీకి దిగుతుంది, లేదంటే 5జీ గుర్తు ఉన్నా స్పీడు 4జీలాగే ఉంటుంది. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి. గదిలో సిగ్నల్ లేకున్నా కాల్ వైఫై మీద పోతుంది, అదనపు రీఛార్జి అక్కర్లేదు. ఫైబర్ ఉన్న ఇంటికి ఫోనులో పెద్ద డేటా ప్యాకు దండగ.

5జీ గుర్తుతో కూడా జాగ్రత్త. ఎయిర్‌టెల్ 5జీని మొదలుపెట్టింది 4జీ ఆసరాతో నడిచే పద్ధతిలో. ఈ పద్ధతిలో మీరున్న 4జీ టవర్‌కు 5జీ తోడు ఉందని తెలిస్తే చాలు, చాలా ఫోన్లు 5జీ గుర్తు వేసేస్తాయి. అప్పటికి మీ ఫోను 5జీ మీద డేటా తీసుకుంటూ ఉండకపోవచ్చు. జియోది విడిగా నడిచే పద్ధతి, ఎస్ఏ అంటారు. కాబట్టి ఫోను కొనేటప్పుడు వట్టి 5జీ అన్న స్టిక్కరు చూసి తెచ్చుకోవద్దు. "అన్నా, ఇది 5జీనే, ఏ సిమ్మైనా పడుతుంది" అంటాడు షాపాయన. "ఎన్28, ఎన్78 రెండూ ఉన్నాయా, ఎస్ఏ ఉందా, ఒకసారి కంపెనీ సైటులో చూపించన్నా" అనండి. ఎన్78 అంటే 3300, ఎన్28 అంటే 700. పల్లెలో ఉండేవారికి ఎన్28 లేని ఫోను వద్దు. 4జీ బ్యాండ్లూ చూసుకోవాలి: జియోకు 3, 5, 40, ఎయిర్‌టెల్‌కు 1, 3, 8, 40. బీఎస్ఎన్ఎల్ 4జీ నడిచేది ముఖ్యంగా 28, 1 బ్యాండ్ల మీద. పాత 4జీ ఫోన్లు కొన్నిటిలో 28 ఉండదు. ఊళ్ళో టవర్ ఉన్నా ఇంట్లో నెట్ రాదని తిట్టుకునేవారిలో కొందరి అసలు సమస్య ఇదే.

చవకగా దొరికే కొన్ని మోడళ్ళు ఒకే కంపెనీ సిమ్‌కు లాక్ చేసి అమ్ముతారు. రేపు పోర్టు అయితే ఆ ఫోను పనికిరాదు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చదవండి. పాత ఫోను కొంటుంటే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు సంఖ్య) తీసుకుని, కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకున్నాకే డబ్బివ్వండి. దొంగ ఫోనైతే బ్లాక్ అయినట్టు అక్కడే తెలుస్తుంది.

చేతిలో మంచి 4జీ ఫోను ఉందా? మార్చాల్సిన తొందరేమీ లేదు. 4జీ వచ్చాక 3జీ ఆగిపోయినట్టు 5జీ వచ్చాక 4జీ వెంటనే ఆగదు. 4జీ ఆసరాతో నడిచే 5జీకి కిందున్న 4జీ ఉండి తీరాలి. 6జీ కోసం ఆగుదామని కూడా కొందరు అడుగుతున్నారు. దాని కొలమానాలే 2030 లక్ష్యంగా తయారవుతున్నాయి. అది పల్లెకు చేరేలోపు మీరు ఇప్పుడు కొనే ఫోను బ్యాటరీ ఎలాగూ అరిగిపోతుంది.

ప్యాకు దగ్గరికి వద్దాం. 2024 జులైలో జియో, ఎయిర్‌టెల్ ధరలు పెంచినప్పుడు అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, ఆపైన ఇచ్చే ప్యాకులకే పరిమితం చేశాయి. 1.5 జీబీ ప్యాకుకు అది లేదు. మీ ఊళ్ళో 5జీ లేకపోతే ఆ అపరిమితం మీకు అందదు, 4జీ కోటానే కరుగుతుంది, అయిపోయాక స్పీడు 64 కేబీపీఎస్‌కు పడుతుంది. వాట్సాప్ మెసేజ్ తప్ప ఇంకేమీ కదలదు. కాబట్టి ఊళ్ళోనే ఉండే మనిషికి 5జీ పేరు చూసి 2 జీబీ ప్యాకు వేయించడం వృథా. ప్రొద్దుటూరులో రోజంతా అంగట్లో కూర్చుని రాత్రికి ఊరు చేరే మనిషికైతే అదే ప్యాకు లాభం, పగటి వాడకమంతా 5జీ మీదే అయిపోతుంది. ముందు మీ ఫోనులో డేటా యూసేజ్ చూడండి. గడిచిన 28 రోజుల మొత్తాన్ని 28తో భాగించండి. ఒక జీబీ లోపే వస్తే చిన్న ప్యాకు తీసుకుని, అవసరమైన రోజున డేటా బూస్టర్ వేసుకోవడం మేలు.

ఇంట్లో అవ్వా తాతలు కీప్యాడ్ ఫోను వాడుతుంటే వాళ్ళకు డేటా ప్యాకు ఎందుకు? మాట, మెసేజ్ మాత్రమే ఉండే ప్యాకులు తప్పనిసరిగా ఉంచాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చింది. యాప్‌లో మొదట కనిపించవు, కిందికి జరిపి వెతకాలి. వాళ్ళకు మాత్రం ఏడాది వ్యాలిడిటీ వేయించినా తప్పులేదు, 5జీతో వాళ్ళకు పనిలేదు కనుక. ఒక్క విషయం: జియోకు 2జీ లేదు, మామూలు 2జీ కీప్యాడ్ ఫోనులో ఆ సిమ్ పనిచేయదు.

కంపెనీ మారాలా వద్దా అన్నది పక్కింటివాళ్ళ మాట మీద తేల్చుకోవద్దు, మధ్యలో ఒక రాతి గోడ ఉన్నా ఫలితం మారుతుంది. ముందు ఆ కంపెనీ సైటులో కవరేజీ మ్యాపు చూడండి, 2జీ, 4జీ, 5జీలకు విడివిడిగా మ్యాపులు పెట్టాలని నిబంధన ఉంది. తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ ఊరి దగ్గర ఏ టవర్లు ఉన్నాయో కూడా కనిపిస్తుంది. మ్యాపులో రంగు ఉన్నంత మాత్రాన మీ గదిలో సిగ్నల్ ఉన్నట్టు కాదు. కాబట్టి రెండో స్లాటులో కొత్త సిమ్ వేసి, అన్నిటికంటే చిన్న ప్యాకుతో 28 రోజులు పరీక్షించండి. సిమ్ తీసుకునేటప్పుడు వేలిముద్ర ఒక్కసారే ఇవ్వండి. "పడలేదన్నా, ఇంకోసారి పెట్టు" అని రెండోసారి అడిగితే, ఇంటికి వచ్చాక సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకోండి. మీది కానిది కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

పరీక్షలో కొత్తది గెలిస్తే పాత నంబరును పోర్టు చేయండి. ఇంగ్లీషులో పోర్ట్ అని టైపు చేసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు వేసి 1900కు మెసేజ్ పంపాలి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, అది 4 రోజులే చెల్లుతుంది. ఆధార్‌తో కొత్త కంపెనీ షాపుకు పోతే మన సర్కిల్ లోపల 3 పనిదినాల్లో మారుతుంది. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఒకే టెలికాం సర్కిల్. బెంగళూరులో తీసుకున్న కర్ణాటక నంబరైతే 5 పనిదినాలు. మనసు మారితే దరఖాస్తు ఇచ్చిన 24 గంటల్లోపు క్యాన్సిల్ అని నంబరుతో 1900కే పంపాలి.

కోడ్ రాకపోవడానికి మామూలుగా కనిపించే కారణాలు మూడు. ఆ కంపెనీలో చేరి 90 రోజులు నిండకపోవడం, పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉండటం, పోయిన సిమ్ బదులు కొత్తది తీసుకుని 7 రోజులు కాకపోవడం. ఇక్కడే 84 రోజుల ప్యాకులో చిన్న చిక్కుంది. కొత్తగా చేరినవారికి ప్యాకు 84న ముగుస్తుంది, పోర్టు హక్కు 90 తర్వాత వస్తుంది. మధ్యలో ఖాళీ పడకుండా మొదటిసారికి 90 రోజుల ప్యాకు ఉంటే అది, లేకపోతే 84 మీద ఒక చిన్న ప్యాకు వేయండి. ప్యాకు అయిపోయినా 1900కు మెసేజ్ పోనివ్వాలని 2021 డిసెంబరులోనే ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది, ఇది చాలామందికి తెలియదు.

టవర్ ఒక్క బీఎస్ఎన్ఎల్‌దే ఉన్న పల్లెలో ఇంత ఆలోచన అక్కర్లేదు, అదే తీసుకోండి. దేశీయ పరికరాలతో వాళ్ళ 4జీ 2025 సెప్టెంబరు 27న అధికారికంగా మొదలైంది, ఆ పరికరాలు 5జీకి మార్చుకునే వీలున్నవి. పాత 3జీ సిమ్ ఉంటే 4జీ సిమ్‌కు మార్పించుకోవాలి. సిమ్ మార్చాక 24 గంటలు మెసేజ్‌లు ఆగుతాయి, బ్యాంకు ఓటీపీలూ రావు. పంట డబ్బు పడే రోజో, ఫీజు కట్టే ఆఖరి రోజో ఈ పని పెట్టుకోవద్దు. జియో, ఎయిర్‌టెల్ 4జీ సిమ్‌లు ఉన్నవారికి 5జీ కోసం సిమ్ మార్చనక్కర్లేదు. 5జీకి కొత్త సిమ్ పంపిస్తాం, ఓటీపీ చెప్పండి అని ఫోను వస్తే అది మోసమే.

5జీ వచ్చిన కొత్తలో ఊరి అంచుల్లో ఫోను వేడెక్కడం, సాయంత్రానికే ఛార్జింగ్ అయిపోవడం కనిపిస్తుంది. సిగ్నల్ అరకొరగా ఉన్న చోట ఫోను 5జీకీ 4జీకీ మధ్య తిరుగుతూ ఉండటమే కారణం. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రిఫర్డ్ నెట్‌వర్క్‌ను 4జీకి పెట్టండి, టౌనుకు పోయినప్పుడు మళ్ళీ 5జీకి మార్చుకోండి.

ఇంటికి 5జీ మీద వచ్చే ఎయిర్ ఫైబర్ తీసుకునేవారు ఆరు నెలలకో ఏడాదికో ముందుగా కట్టే ముందు, బిగించే మనిషితో డబ్బా మిద్దె మీద పెట్టించి రాత్రి 9 గంటలకు స్పీడు చూపించమనండి. కుదరదంటే ఎక్కువ ఇన్‌స్టలేషన్ ఛార్జీ పడినా తక్కువ కాలపు ప్లానే తీసుకోండి. ఏ సేవలో తేడా వచ్చినా ముందు 198కి ఫోను చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) రాసిపెట్టుకోవాలి. అక్కడ తేలకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారికి పోవాలి, ఆ నంబరు లేకుండా అప్పీలు తీసుకోరు.