సైలెన్సర్‌లో పట్టేసిన బ్యాఫిల్‌ను ఊడదీయడం ఎలా

చెన్నై తిరువొత్తియూరులో బండి పెట్టుకున్నవాడికి తుప్పు గురించి పాఠం చెప్పక్కర్లేదు. సముద్రపు గాలికి చైను రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత ఫ్యాక్టరీ ఉన్న చోటు కాబట్టి బుల్లెట్లకూ కొదవ లేదు. పుదుపేటలోనో జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనో కొన్న సైలెన్సర్ తగిలించి, రెండు వానాకాలాలు నడిపాక, లోపలి బ్యాఫిల్ (శబ్దాన్ని తగ్గించే గొట్టం) కదలట్లేదని మా వీధి కుర్రాళ్లు నా దగ్గరికి వస్తారు. నేను మెకానిక్‌ని కాదు. గూడూరు నుంచి వచ్చి అంబత్తూరు ఎస్టేట్‌లో ఫిట్టర్‌గా చేస్తున్నాను. పట్టేసిన ఇనుమును విడదీయడం నాకు రోజూ ఉండే పనే.

బ్యాఫిల్‌ను తీసేది మసి గీకడానికి, దాని చుట్టూ ఉండే, కాలిపోయిన గ్లాస్ వూల్ (గాజు పీచు) మార్చడానికి, మళ్లీ బిగించడానికి. తీసి మూలన పడేస్తానంటే నేను చెయ్యి వెయ్యను. శబ్దం పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద తొలిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆపైన 3 నెలలు లైసెన్స్‌కు అనర్హత. ఇంట్లో పసిబిడ్డ ఉన్న పక్కింటివాళ్ల శాపనార్థాలు వేరే.

లాగే ముందు చూడండి. ఫోను టార్చి వేసి, సైలెన్సర్ కొస అంచు చుట్టూ, అడుగువైపు కూడా చూడాలి. బ్యాఫిల్‌ను పట్టుకుని ఉండేది బోల్టు కావచ్చు, సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) కావచ్చు, రివెట్ కావచ్చు. కొన్ని చోట్ల అమ్మేవాళ్లే రెండు మూడు చుక్కల వెల్డింగ్ పెట్టేసి ఇస్తారు. మసి కింద ఆ చుక్క కనపడదు. వైర్ బ్రష్‌తో అంచంతా రుద్దితే గానీ తేలదు. వెల్డింగ్ ఉన్నదాన్ని నూనె పోసి వారం నానబెట్టినా ఫలితం ఉండదు, సన్న డిస్కు పెట్టి కోయాల్సిందే. రివెట్ అయితే తలను డ్రిల్‌తో తొలిచేస్తే చాలు.

పని బండి మీద చేయొద్దు. సైలెన్సర్ క్లాంపు వదులు చేసి వెనక ముక్క మాత్రం విప్పండి. ఇంజిన్ దగ్గరి నట్ల జోలికి పోతే స్టడ్డు విరుగుతుంది, అది ఇంతకన్నా పెద్ద తలనొప్పి. బీఎస్-6 బండ్లలో ఆక్సిజన్ సెన్సర్ వైరు ఎక్కడికి పోతోందో చూసుకుని తీయండి.

బోల్టు చాలావరకు ఎం6 (6 మి.మీ.) అలెన్ బోల్టు, అంటే తలలో ఆరు పలకల గుంట ఉండేది. దాని తలలో మసి, మట్టి గట్టిపడి ఉంటుంది కాబట్టి కీ సగమే దిగుతుంది. సగం దిగిన కీని బలంగా తిప్పితే గుంట గుండ్రంగా అరిగిపోతుంది. మొనతేలిన పిన్నుతో గుంటను అడుగుదాకా గీకి, కీ దించి, దాని నెత్తిన సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేయండి. తుప్పు పట్టు వదిలేది ఆ అదురుకే. తర్వాత విప్పే వైపు కాకుండా ముందు బిగించే వైపు వెంట్రుకవాసి కదిలించి, అప్పుడు వెనక్కి తిప్పాలి. గుంట ఇప్పటికే అరిగిపోయి ఉంటే ఒక సైజు పెద్ద టార్క్స్ బిట్టును (నక్షత్రం ఆకారపు మొన ఉండేది) సుత్తితో దిగ్గొట్టి తిప్పుతాను. తలే ఊడిపోతే పంచ్‌తో సరిగ్గా నడిమధ్య గుర్తు పెట్టి, 5 మి.మీ. బిట్టుతో తొలిచి, ఎం6 ట్యాప్ (పళ్లు కోసే పనిముట్టు) నడిపితే పాత బోల్టు తాలూకు పళ్లు తురుములా వచ్చేస్తాయి. బిట్టు పక్కకు పోతే బోల్టు దిగే ఆ నట్టును నమ్ముకోవద్దు, కొత్తది వెల్డ్ చేయించండి.

బోల్టు వచ్చినా బ్యాఫిల్ రాలేదంటే, పట్టింది తుప్పూ మసీ కలిసి. ఇక్కడ అందరూ చెప్పే సలహా ఒకటి ఉంది: బండి స్టార్ట్ చేసి సైలెన్సర్ కాలుతున్నప్పుడు లాగమని. నాకది నచ్చదు. పొగ ముందు తగిలేది బ్యాఫిల్‌కే. అంటే లోపలి గొట్టం ముందు వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఇంకా బిగుసుకుంటుంది. మనకు కావాల్సింది దానికి తలకిందులు: బయటి గొట్టం వేడిగా, లోపలిది చల్లగా. 50 మి.మీ. వ్యాసమున్న స్టెయిన్‌లెస్ గొట్టం వేడి 200 డిగ్రీలు పెరిగితే దాని వ్యాసం సుమారు 0.17 మి.మీ. పెరుగుతుంది. రెండు కాగితాల మందం కూడా ఉండదు, కానీ తుప్పు పొర పగలడానికి అది చాలు. బయటి అంచు చుట్టూ హీట్ గన్ తిప్పుతూ, బ్యాఫిల్ లోపల తడిగుడ్డ కుక్కండి. ఆవిరి ఎగదన్నుతుంది, ముఖం దూరంగా పెట్టండి.

మంట వాడితే కొన్ని జాగ్రత్తలు. క్రోమ్ నీలం తిరుగుతుంది, ఆ రంగు ఓ పట్టాన పోదు. కార్బన్ ఫైబర్ తొడుగు ఉన్నదానికి వేడే పనికిరాదు. అల్యూమినియం ఇనుములాగా ఎర్రబడి మనల్ని హెచ్చరించదు, 660 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కూలిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, నూనె పోసిన తర్వాత మంట పెట్టకూడదు. గ్లాస్ వూల్ నూనె పీల్చుకుని ఉంటే గొట్టం లోపల దీపంలా అంటుకుంటుంది. అందుకే వరస ఇది: పొడిగా ఉన్నప్పుడే వేడి, చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాక నూనె. చల్లారుతూ ముడుచుకునే లోహం ఆ సందులోకి నూనెను లాక్కుంటుంది.

నూనెకు డబ్ల్యూడీ-40 చాలు. మా షాపులో అసిటోన్, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సగం సగం కలిపి వాడతాం. అవి రెండూ నిలకడగా కలిసి ఉండవు, ఊపి వెంటనే పోయాలి. సిగరెట్ కాల్చేవాణ్ణి దరిదాపుల్లోకి రానివ్వొద్దు. సైలెన్సర్‌ను కొస పైకి ఉండేలా నిలబెట్టి అంచు చుట్టూ పోసి రాత్రంతా వదిలేయండి. ఓవెన్ క్లీనర్ మసిని బాగా కరిగిస్తుంది, నిజమే. కానీ అందులోని కాస్టిక్ అల్యూమినియంను తినేస్తుంది.

పొద్దున లాగకండి, తిప్పండి. పట్టేసిన దేన్నైనా ముందు తిప్పే చూడాలి, లాగడం ఆ తర్వాత. బ్యాఫిల్ అంచు బయటికి వచ్చి ఉంటే ఎదురెదురుగా రెండు 8 మి.మీ. రంధ్రాలు వేసి, రాడ్ దూర్చి, అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పండి. ‘టక్’ మని చిన్న శబ్దం వస్తే సగం పని అయినట్టే.

అంచు లోపలే ఉంటే పుల్లర్ చేసుకోవాలి. ఒకటిన్నర అడుగు ఎం12 థ్రెడ్ రాడ్, 6 మి.మీ. ఇనుప పట్టీ ముక్క తీసుకోండి. పట్టీ పొడవు బ్యాఫిల్ లోపలి రంధ్రం కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. పట్టీ మధ్య రంధ్రాన్ని పొడవుగా కోస్తే అది రాడ్ మీద వాలుతుంది. పట్టీ జారిపోకుండా రాడ్ కొసన నట్టు బిగించి, పట్టీని వాల్చి బ్యాఫిల్ గుండా అవతలికి దూర్చి, అక్కడ అడ్డం తిప్పండి. బయట, బ్యాఫిల్ కన్నా వెడల్పైన పైపు ముక్కను సైలెన్సర్ అంచు మీద ఆనించి, దాని మీద మందమైన ప్లేటు, వాషర్, నట్టు. నట్టు ఒక చుట్టు తిరిగితే బ్యాఫిల్ 1.75 మి.మీ. బయటికి రావాలి, ఎం12 పిచ్ (పంటికీ పంటికీ మధ్య దూరం) అంతే. పావు చుట్టు తిప్పి, రబ్బరు సుత్తితో చుట్టూ తట్టి, కాసేపు ఆగి, మళ్లీ పావు చుట్టు. తొందరపడితే రాడ్ వంగుతుంది తప్ప బ్యాఫిల్ రాదు. లోపలి కొస మూసేసిన రకమైతే ఈ పట్టీ పనికిరాదు, లేత్ షాపుకు తీసుకెళ్లడమే. అక్కడ నూనె పోసిన సంగతి వెల్డరుకు ముందే చెప్పండి.

డంబెల్ ప్లేటును రాడ్‌కు ఎక్కించి దడేల్‌మని వెనక్కి గుద్దే పద్ధతి కుర్రాళ్లకు మహా ఇష్టం. దళసరి ఇనుప సైలెన్సర్‌కైతే అది పనిచేస్తుంది. కొస మూత రివెట్లతో బిగించిన రకానికి మాత్రం వద్దు. పుల్లర్ బలం మూతకూ బ్యాఫిల్‌కూ మధ్యే సరిపోతుంది, గుద్దే దెబ్బ రివెట్ల మీద పడి బ్యాఫిల్‌తో పాటు మూత కూడా ఊడి వస్తుంది.

వచ్చాక పాత గ్లాస్ వూల్‌ను తడిపి తీయండి. మాస్కు, గ్లోవ్స్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి, లేదంటే ఆ దురద నిద్రపోనివ్వదు. కొత్తది సైలెన్సర్ల కోసం అమ్మేదే కొనండి. ఇళ్ల పైకప్పుల కింద వేసే రకంలో ఉండే బంక వేడికి కాలి కంపు కొడుతుంది. బ్యాఫిల్ చుట్టూ గట్టిగా చుట్టి వైరుతో కట్టి, అంచుకూ బోల్టుకూ కాపర్ గ్రీజు పూసి బిగిస్తే వచ్చేసారి ఇంత గొడవ ఉండదు.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు మిగిలిన నూనె తెల్లగా పొగ కక్కుతుంది. బేస్‌మెంట్ పార్కింగ్‌లో కాకుండా వీధిలో పెట్టి కానివ్వండి. ఆ పొగ ఆగాక ఓ రౌండ్ కొట్టి వచ్చి, బండి చల్లారాక బ్యాఫిల్ బోల్టునూ క్లాంపునూ మరోసారి బిగించండి.