ప్లాన్ ఖాయం చేసేముందు సైట్‌లో గీయించండి

ఆర్కిటెక్ట్ ప్లాన్‌కి సరే అనేముందు, ఖాళీ సైట్‌లో టేపు పట్టి గదులన్నీ సున్నంతో గీయించండి. కాగితం మీద 10 బై 10 బెడ్‌రూమ్ ముచ్చటగానే ఉంటుంది. అందులో ఆరున్నర అడుగుల పొడవు మంచం, ఎదురుగా 2 అడుగుల లోతు బీరువా గీస్తే, మధ్యలో మిగిలేది అడుగున్నర! అక్కడ నిలబడి బీరువా తలుపు తీయడం కష్టమే. పెద్దవాళ్లను మంచం నుంచి బాత్రూమ్ దాకా ఆ గీతల్లోనే నడిచి చూడమనండి. వాస్తు చూసే ఆయన్నీ అదే రోజు పిలవండి. పిల్లర్లు లేచాక మెట్లు మార్చమంటే టెన్షన్ మీకే.

మన విశాఖలో ఇంకో మాట. సముద్రం దగ్గరైతే ఉప్పుగాలికి ఇనుప గ్రిల్ త్వరగా తుప్పు పడుతుంది, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు నయం. అటువైపు గోడంత అద్దం పెట్టించేముందు 2014 హుద్‌హుద్ తుఫానుని చూసినవాళ్లను అడగండి.