డిగ్రీ సమానం కాదని పక్కన పెట్టారా? హైకోర్టు మెట్లెక్కే ముందు చేయాల్సిన పనులు

తెలంగాణ 2024 డీఎస్సీలో, అంటే సర్కారు టీచర్ పోస్టుల పరీక్షలో, సెప్టెంబర్ 30న ఫలితాలొచ్చాయి. అక్టోబర్ 1 నుంచి 5 వరకు సర్టిఫికెట్ల పరిశీలన, 9న నియామక పత్రాలు. మీ డిగ్రీ నోటిఫికేషన్ అడిగిన డిగ్రీకి సమానమని చూపే ఈక్వివలెన్స్ కాగితాన్ని ఆ తొమ్మిది రోజుల్లో పుట్టించడం ఎవరివల్లా కాదు. అందుకే కింద చెప్పే పనుల్లో సగం దరఖాస్తు నాటికే అయిపోవాలి.

కాగితాలు

నోటిఫికేషన్ మొత్తం, దరఖాస్తు ప్రింటు, ఏడాదివారీ మార్కుల మెమోలు, మెథడాలజీ (బోధనకు ఎంచుకున్న సబ్జెక్టు) కనిపించే బీఈడీ మెమో, యూనివర్సిటీ ముద్ర ఉన్న సిలబస్. దూరవిద్యలో చదివినవాళ్లు ఆ కోర్సుకు, ఆ విద్యా సంవత్సరానికి ఉన్న అనుమతి పత్రం కూడా పెట్టుకోవాలి. 2013కు ముందు చదువులైతే దూరవిద్యా మండలిది, తర్వాతివైతే యూజీసీది. అన్నీ మూడేసి సెట్లు.

మీ గొడవ ఏ రకం?

డిగ్రీ పేరు తేడానా, సబ్జెక్టు తేడానా, యూనివర్సిటీ గుర్తింపా? మూడింటికీ ఒకే అర్జీ రాయడం వల్లే చాలా కేసులు మొదటి వాయిదాలోనే నీరుగారిపోతాయి. డిగ్రీలో అందరూ చదివే జనరల్ ఇంగ్లిష్ వేరు, ఆప్షనల్‌గా చదివిన ఇంగ్లిష్ సాహిత్యం వేరు. మొదటిది చూపించి స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ అడిగితే అది ఈక్వివలెన్స్ గొడవ కానే కాదు. బీఈడీతో ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టు, అడగడమూ అంతే. 2023 ఆగస్టు 11న దేవేశ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు మూసేసింది. దాని మీద ఫీజులు పోయకండి.

అసలు చిక్కు: ఏ కాగితానికి బలం ఉంది?

ఇక్కడ తొందరపడొద్దు. నోటిఫికేషన్‌లో మీ పోస్టు అర్హత వాక్యాన్ని అక్షరం అక్షరం చదవండి. 'లేదా తత్సమాన అర్హత' అన్న మాట ఉందా? లేకపోతే మీ డిగ్రీ ఎంత గొప్పదైనా వాదన బలహీనమే. నోటిఫికేషన్‌లో లేని అర్హతను కోర్టు చేర్చదని, సమానమో కాదో తేల్చుకోవాల్సింది నియామకం చేసే ప్రభుత్వమేనని 2018 డిసెంబర్‌లో జహూర్ అహ్మద్ రాథర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ దారి కొత్తది కాదు. పాత హైదరాబాద్ రాష్ట్ర ఇంజనీరింగ్ ఉద్యోగులు వేసిన మహ్మద్ షుజాత్ అలీ కేసులో, 1974లోనే, అర్హతల సమానత్వం నిపుణులు తేల్చాల్సిన విషయమని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

ఆ మాట ఉంటే, సమానమని ఎవరు ఎప్పుడు ఉత్తర్వు ఇచ్చారో చూపాలి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కాకతీయ యూనివర్సిటీలోనో ఉస్మానియాలోనో పీజీ సీటిచ్చారు కాబట్టి మా డిగ్రీ సమానమే అంటారు. పై చదువుకు పనికొస్తుందన్న ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ ఆ అడ్మిషన్ వరకే. ఉద్యోగానికి అది సాక్ష్యం కాదు. సమానత్వాన్ని ఊహించుకోవడానికి లేదని, ప్రత్యేక ఉత్తర్వో తీర్మానమో ఉండాలని, దాన్ని ప్రచురించి ఉండాలని గురునానక్ దేవ్ యూనివర్సిటీ కేసు తీర్పు. కాబట్టి వెతకాల్సింది ప్రభుత్వ జీవో. దొరక్కపోతే పాఠశాల విద్యాశాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి 'ఫలానా డిగ్రీని ఫలానా డిగ్రీకి సమానంగా గుర్తించిన ఉత్తర్వుల నకళ్లు' అని అడగండి. 'ఎందుకు గుర్తించలేదు' అని అడిగితే జవాబు రాదు. గడువు 30 రోజులు, అందుకే పరీక్షకు ముందే పెట్టాలి.

తేదీ కూడా చూసుకోండి. నోటిఫికేషన్ చెప్పిన గడువు తేదీ నాటికి అర్హత చేతిలో ఉండాలి. బీఈడీ ఫలితం ఆలస్యంగా వచ్చిన ఢిల్లీ టీచర్ కేసు, రాకేశ్ కుమార్ శర్మ, 2013లో ఓడింది అందుకే.

రిప్రజెంటేషన్

రెండు పేజీలు దాటొద్దు. అర్హత వాక్యం, మీ డిగ్రీ, ఉత్తర్వు నంబరు, మీ అభ్యర్థన. కన్నీళ్లు, కుటుంబ కష్టాలు వద్దు. జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసులో ఇచ్చి ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి, పాఠశాల విద్య డైరెక్టర్‌కు స్పీడ్ పోస్టులో పంపండి. సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇస్తే తప్పేం లేదు. జిల్లా ఎంపిక కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. అయినా నోటిఫికేషన్ దాటే అధికారం ఆ కమిటీకి లేదు, అక్కడే రోజులు గడపొద్దు.

తిరస్కరణ కారణంతో సహా రాతపూర్వకంగా కావాలని పట్టుబట్టండి. మొహీందర్ సింగ్ గిల్ తీర్పు ప్రకారం ఉత్తర్వులో లేని కారణాన్ని తర్వాత అఫిడవిట్‌లో అతికించడం చెల్లదు. ఏ కారణమూ రాయని ఉత్తర్వు మీకు దొరికిన ఆయుధం.

రిట్

తెలంగాణలో ఇప్పుడు సర్కారు ఉద్యోగాల గొడవలు వినే అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ లేదు. హనుమకొండ జిల్లా కోర్టులో ఈ కేసు నడవదు. రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ పిటిషన్‌తో హైదరాబాద్‌లోని హైకోర్టుకే పోవాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి.

'నా డిగ్రీ సమానమని ప్రకటించండి' అని కోర్టును అడగొద్దు. ఫలానా ఉత్తర్వును పట్టించుకోకుండా, కారణం చెప్పకుండా తిరస్కరించారు, దాన్ని రద్దుచేసి మళ్లీ పరిశీలించమని చెప్పండి అని అడగాలి. మొదటి కోరిక కోర్టు చేయలేనిది, రెండోది చేయగలిగేది. అర్హత నిబంధనే తప్పనుకుంటే పరీక్షకు ముందే వేయాలి. పరీక్ష రాసి, ఉద్యోగం రాకపోయాక వేస్తే, పాల్గొన్నవాళ్లు తర్వాత ఆ ఎంపికను తప్పుపట్టలేరన్న మదన్‌లాల్ తీర్పు అడ్డొస్తుంది. మీ స్థానంలో ఎంపికైనవాళ్లను ప్రతివాదులుగా చేర్చకపోయినా కేసు పడిపోతుంది.

మధ్యంతర ఉత్తర్వులో ఊరికే 'ఒక పోస్టు ఖాళీ ఉంచండి' అంటే ఫలితం ఉండదు. జిల్లా, మీడియం, సబ్జెక్టు, యాజమాన్యం, రిజర్వేషన్ కోటా రాయించండి. ఉదాహరణకు హనుమకొండ, తెలుగు మీడియం, స్కూల్ అసిస్టెంట్ గణితం, లోకల్ బాడీ, బీసీ-డి. ఉత్తర్వు వచ్చిన రోజే కాపీ డీఈఓ ఆఫీసుకు చేర్చి, ముద్రతో పాటు సమయం కూడా వేయించుకోండి. కౌన్సెలింగ్‌లో ఆ పోస్టు మరొకరికి వెళ్లిపోయాక కాపీ ఇస్తే, ఖాళీ ఉంచడానికి పోస్టే మిగలదు.