కారు మీద ఎండిన చెట్టు బంక: చెయ్యి పెట్టే ముందు

బెజవాడ ఎండల్లో వేపచెట్టు నీడే పార్కింగ్. నూజివీడు తోటకెళ్లొస్తే మామిడి సొన అదనం.

– థిన్నర్ వద్దే వద్దు. డెంటింగ్ అయ్యాక మళ్లీ పెయింట్ వేయించిన డోరైతే రంగే ఊడొస్తుంది.

– గోరు, బ్లేడు, గిన్నెల పీచు పెట్టకండి. రంగు పైనున్న పారదర్శక పొర (క్లియర్ కోట్) మందం సుమారు 50 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు.

– బానెట్ మీద అరచెయ్యి ఆనించండి. చురుక్కుమంటే ఆగండి, తడి నిలవదు. పొద్దున్నే మేలు.

– ముందు కడగాలి. దుమ్ము మీద రుద్దితే గీతలే.

– ఏ చెట్టుదో చూడండి. వేప, తుమ్మ బంక నీళ్లకే నానుతుంది: గోరువెచ్చటి నీళ్ల గుడ్డ 10 నిమిషాలు కప్పితే చాలు. చాలామంది అనవసరంగా స్పిరిట్‌కి పరుగెత్తుతారు.

– మామిడి సొనకి మాత్రం సర్జికల్ స్పిరిట్. ముందు పెట్రోల్ మూత లోపలి అంచున పరీక్షించండి. స్పిరిట్‌తో తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ 30 సెకన్లు ఆనించి ఉంచండి, రుద్దొద్దు. అంచు మెత్తబడి సాగుతుంటే పైకెత్తినట్టు తుడవాలి. ప్రతిసారీ గుడ్డ మడత మార్చండి, లేకపోతే అదే సొన పక్కకి పూసినట్టే.

– హెడ్‌లైట్‌కి స్పిరిట్ తగలనివ్వొద్దు, ప్లాస్టిక్ సన్నగా పగలొచ్చు.

– స్పిరిట్‌తో వ్యాక్స్ కూడా పోతుంది. ఆ చోట అదే రోజు మళ్లీ పట్టించండి.