ఆముదంతో పాలీయూరిథేన్ ఫోమ్ తయారు చేయడం ఎలా?

పరుపుల్లోనూ కారు సీట్లలోనూ ఉండే పాలీయూరిథేన్ ఫోమ్‌కు ముడిసరుకులు రెండు: పాలియాల్ (అనేక హైడ్రాక్సిల్, అంటే OH సమూహాలున్న పదార్థం), దానితో చర్య జరిపి ఫోమ్‌గా మారే ఐసోసయనేట్. పెట్రోలియం నుంచి వచ్చే పాలియాల్‌కు బదులుగా ఆముదాన్ని నేరుగా వాడవచ్చు. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. ఐసోసయనేట్‌తో కలిసే హైడ్రాక్సిల్ సమూహం దానికి సహజంగానే ఉంటుంది. సోయా నూనెకైతే ఆ సమూహాన్ని రసాయన చర్యలతో తగిలించవలసి వస్తుంది. మహబూబ్‌నగర్, నల్గొండ మెట్టపొలాల్లో పండే ఆముదానికి ఆ శ్రమ లేదు.

ఇది ఇంట్లో చేయదగిన పని కాదు. ఐసోసయనేట్ ఆవిరి ఉబ్బసం తెప్పించగలదు కనుక, ఆవిరులను బయటకు లాగే ఫ్యూమ్ హుడ్ ఉన్న ప్రయోగశాలలో, నైట్రైల్ తొడుగులూ రక్షణ కళ్లద్దాలూ ధరించి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలోనే చేయాలి.

ముందుగా లెక్క తేల్చుకోవాలి. ఫోమ్ బాగోగులు చాలావరకు ఇక్కడే నిర్ణయమవుతాయి. హైడ్రాక్సిల్ సమూహాలు ఎంత ఉన్నాయో చెప్పే హైడ్రాక్సిల్ విలువ ఆముదానికి సుమారు 160, అంటే తుల్యాంక భారం (ఒక తుల్యాంకం, అంటే ఒక మోల్ చర్యా సమూహాలు ఉండే గ్రాములు) దాదాపు 350. నీటిది 9, పాలిమెరిక్ ఎమ్‌డీఐ అనే ఐసోసయనేట్‌ది సుమారు 135. 100 గ్రాముల ఆముదానికి, ఫోమ్‌ను పొంగించేందుకు 2 గ్రాముల నీరు కలిపితే మొత్తం 0.51 తుల్యాంకాలవుతాయి, దానికి 69 గ్రాముల ఎమ్‌డీఐ చాలినా, 5 శాతం అదనంగా చేర్చి 72 గ్రాములు తీసుకోవడం మంచిది. ఎమ్‌డీఐ పెట్రోలియం సరుకే కాబట్టి, ఈ ఫోమ్‌ను పూర్తిగా మొక్కల నుంచి వచ్చిందనడం సరికాదు.

గింజలు ఉడికించి తీసిన వంటాముదంలో తేమ, మడ్డి మిగిలి లెక్క తప్పిస్తాయి. శుద్ధి చేసిన ఆముదమే వాడాలి. అందులో నీటితోపాటు ఒక గ్రాము సిలికోన్ సర్ఫాక్టెంట్, అర గ్రాము అమైన్ ఉత్ప్రేరకం, అతి కొద్దిగా టిన్ ఉత్ప్రేరకం వేసి బాగా కలపాలి. చివరగా ఎమ్‌డీఐ పోసి, పది పదిహేను సెకన్లు వేగంగా గిలకొట్టి, వెంటనే మూతలేని అచ్చులో ఒంపాలి. నీరు ఐసోసయనేట్‌తో చర్య జరిపి విడుదల చేసే కార్బన్ డయాక్సైడే ఫోమ్‌ను పొంగిస్తుంది. సర్ఫాక్టెంట్ ఆ బుడగలు పగిలిపోకుండా నిలుపుతుంది. ఒక రోజు కదపకుండా ఉంచిన తర్వాతే కోయాలి.

పొంగిన ఫోమ్ కుంగిపోతే సర్ఫాక్టెంట్‌నో టిన్ ఉత్ప్రేరకాన్నో కొద్దిగా పెంచి చూడాలి. గట్టి ఫోమ్ కావాలంటే కొంత గ్లిజరాల్ చేర్చి, దానికి తగినట్లు ఎమ్‌డీఐ లెక్కను మళ్లీ వేసుకోవాలి. మిగిలిన ఎమ్‌డీఐకి తేమ తగిలితే వాయువు పుట్టి డబ్బా పగిలే ప్రమాదముంది కనుక, ఆ వ్యర్థాన్ని బిగుతుగా మూత పెట్టి ఉంచకూడదు.