టోక్యో మెయిజీ మందిరంలో షింటో పెళ్లి చూడబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

అక్టోబర్, నవంబర్‌లో జపాన్ వెళ్లేవాళ్లకు. (షింటో అంటే జపాన్ సంప్రదాయ మతం.)

– ఊరేగింపుకి ఎదురు వెళ్లి ఫోన్ పెట్టొద్దు. ముందు పూజారులు, మికోలు (మందిరంలో సేవ చేసే యువతులు), వెనక పెద్ద ఎర్ర గొడుగు కింద వధూవరులు, ఆపైన బంధువులు బారుగా వస్తారు. అది ప్రదర్శన కాదు, పూజలో భాగం. మీరు అడ్డొస్తే వరసంతా ఆగిపోతుంది. పక్కన నిలబడి, ఫ్లాష్ ఆపి తీసుకోండి.

– దగ్గరగా తీసిన ముఖాలు రీల్స్‌లో పెట్టొద్దు. అనుమతి లేకుండా ముఖం చూపిస్తే అక్కడ గొడవే. గొడుగు, వెనక నుంచి తెల్ల కిమోనో చాలు. (తెలుపేమిటి అనుకోకండి, మన మధుపర్కాలూ తెల్లనివేగా.)

– శని, ఆదివారాల్లో, పొద్దున పది నుంచి మధ్యాహ్నం దాకా అవకాశం ఎక్కువ. వాళ్లకీ ముహూర్తాల పిచ్చి ఉంది: ఆరు రోజుల చక్రంలో ‘తైయాన్’ శుభం, ‘బుత్సుమెత్సు’ అశుభం. జపాన్ క్యాలెండర్‌లో తైయాన్ చూసుకుని వెళ్లండి.

– ఊరేగింపు కనిపించేది ప్రధాన ప్రాంగణంలోనే, అక్కడే వేచి ఉండండి. హరాజుకు స్టేషన్ నుంచి కంకర దారిలో పది నిమిషాల నడక, హీల్స్ వద్దు.

– దారి మధ్యలో నడవకండి, అది దేవుడిదని వాళ్ల నమ్మకం.

– అక్షింతలు చల్లడం, ఈలలు వేయడం వద్దు. తల కొద్దిగా వంచితే సరిపోతుంది.

– పూజ జరిగే మందిరం లోపల ఫోటోలు నిషేధం. డ్రోన్ ఊసే ఎత్తకండి.

– నవంబర్ 15 దగ్గరి వారాంతాల్లో పిల్లల ‘షిచి-గో-సాన్’ వేడుక వల్ల జనం కిక్కిరిసి ఉంటారు. తొందరగా చేరుకోండి.